యాభై తొమ్మిదో అంగుళం

మా మేష్టారు పోయారు. ఆ కబురు నాకు వీధి మధ్యలో తెలిసింది. అప్పుడు నా చేతిలో పేపరుంది, ఆ పేపర్లో మా అమ్మాయి నంబరుంది, నేను నవ్వుకుంటూ పరుగెత్తుతున్నాను. అరవై దాటిన ముసలాణ్ణి. ఒక కాలికే చెప్పుంది. రెండోది ఎక్కడ జారిపోయిందో చూసుకోలేదు. ఎదురుగా సోడా కొట్టాయన వస్తూ నన్ను చూసి ఆగాడు.

"నీ కాడికే వస్తన్నా మస్తానూ," అన్నాడు.

"నేను మేష్టారి కాడికి పోతన్నా! పాసయిందయ్యా మా అమ్మాయి, పాసయింది!" అని పేపరు ఆయన మొహం ముందు ఆడించాను.

ఆయన పేపరు వంక చూడలేదు. "మేష్టారు లేరయ్యా. పొద్దున టీ తాగి, పేపరు కోసమని అరుగు మీద కూచున్నారంట. అట్నే గోడకి ఒరిగిపోయారు," అన్నాడు.

నాకు ముందు ఏడుపు రాలేదు. భయమేసింది. చిన్నపిల్లాడికి సంతలో చెయ్యి వదిలేస్తే వేస్తుందే, ఆ భయం. ఇక నాకు భయమేసినప్పుడు ఎవరి దగ్గరికి పోవాలి? అదే మొదట తోచింది. సిగ్గులేకుండా ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

నేను నరసరావుపేటలో బట్టలు కుట్టేవాణ్ణి. ఇంటి వీధి గదే నా కొట్టు. చదువు అయిదో తరగతితో ఆగింది. కొలతల పుస్తకంలో ఛాతీ, నడుము, చెయ్యి అని రాసుకోవడం తప్ప వేరే రాత ఎరగను. ఈ నాలుగు మాటలు రాయడానికి పదిరోజులు పట్టింది. అక్షరాలు మా అమ్మాయి సరిచేసింది గాని మాటలు మార్చనివ్వలేదు. మేష్టారి గురించి పెద్ద పెద్ద మాటలు రాస్తే ఆయనే ఒప్పుకోరు. "లూజెక్కువైంది మస్తానూ, పక్కలు పట్టెయ్," అంటారు.

ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. మా వీధి చివరిల్లే వారిది. రోజూ నాలుగింటికి గొడుగు చంకలో పెట్టుకుని నా కొట్టుకు వచ్చేవారు. ఎండా వానా లేకపోయినా గొడుగు ఉండాల్సిందే. బల్ల మీద అరిగిపోయిన సుద్దముక్కలుంటే ఏరి జేబులో వేసుకునేవారు. కొలతలిచ్చాక అందరూ టేపును బల్ల మీదికి విసిరేస్తారు. ఆయన మాత్రం దాన్ని అరచేతిలో పెట్టుకుని, గాయానికి కట్టే పట్టీలా గట్టిగా చుట్ట చుట్టి, రెండు చేతులతో ఇచ్చేవారు. నలభై ఏళ్ల నా పనిలో టేపును అలా తిరిగిచ్చిన మనిషి ఆయనొక్కరే.

ఆయన గొప్ప ఏమిటో చెప్పాలంటే ముందు నా భయం సంగతి చెప్పాలి.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఆకాశంలో ఎగిరేవాటిని లెక్కపెట్టకూడదు. కొంగలు గాని, చిలకలు గాని, గాలిపటాలు గాని, ఏవైనా సరే. మా అమ్మాయి చిన్నప్పుడు మిద్దెక్కి వేలు చూపిస్తూ "ఒకటి, రెండు" అనగానే నేను కింద నుంచి గావుకేక పెట్టేవాణ్ణి. పాపం ఆ పిల్ల అది మన దీన్‌లో, మతంలో ఉన్న మాటేమో అనుకుని బళ్లో స్నేహితులకు కూడా చెప్పిందట. అదేమీ కాదు. అది నా భయం. దాని సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు.

మొన్నటి ఎలక్షన్ల ముందు మా ఊరికి హెలికాప్టరొచ్చింది. ఊరు ఊరంతా గ్రౌండు వైపు పరుగు. మా ఆవిడా, అమ్మాయీ కూడా పోయారు. నెత్తిమీద ఆ మోత వినపడగానే నేను కత్తెర వదిలేసి కటింగు బల్ల కింద దూరాను. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని చెవులు మూసుకున్నాను. సరిగ్గా అప్పుడే మేష్టారు కొట్లోకి వచ్చారు. ఆయన కాళ్లు కనిపించాయి. తర్వాత వంగి చూస్తున్న మొహం కనిపించింది.

"ఏంది మస్తానూ, సూది పడిపోయిందా?"

పళ్లు టకటకమంటున్నాయి. ఆయన గొడుగు గోడకు ఆనించి, నడుము పట్టుకుని మూలుగుతూ, వచ్చి బల్ల కింద నా పక్కన కూర్చున్నారు. పంచె అంతా నూలుపోగులు అంటుకున్నాయి. నశ్యం డబ్బీ తీసి ఒక పట్టు పట్టారు.

"ఈడ చల్లగానే ఉందే," అన్నారు.

మోత పోయాక నెమ్మదిగా అడిగారు. "ఎన్నేళ్ల బట్టి?"

"నలభై మూడు, మేష్టారూ."

చరిత్ర చెప్పిన మనిషి కదా, లెక్క కట్టుకోవడానికి ఆయనకు రెప్పపాటు కూడా పట్టలేదు. "ఓడెక్కి రంగం పోయినోడివా? జపానోళ్ల బాంబులా?"

జపాను పేరు వినగానే మళ్లీ చెవులు మూసుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఆ రోజుకు అంతటితో వదిలేశారు.

ఎండాకాలం పోయాక మా అమ్మాయి బి.ఏ. ఫలితాలు వచ్చాయి. అన్నీ పాసయి, ఒక్క పేపరు పోయింది. చైనా, జపాను దేశాల చరిత్ర. అది గట్టెక్కితేనే డిగ్రీ చేతికొస్తుంది. బడిలో పంతులమ్మ కావాలని ఆ పిల్లకు ఊహ తెలిసిన నాటి నుంచీ కోరిక. మా రెండు కుటుంబాల్లో పదో తరగతి దాటిన మనిషే లేడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

మేష్టారు వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. "అమ్మాయ్, ఇట్రా. చైనా ఎట్టా రాశావు?"

"బాగానే రాశాను మేష్టారూ."

"జపాను?"

"అసలు రాయలేదు."

"రాయకపోవడమేంది? సగం పేపరు గదా?"

ఆ పిల్ల నా వంక చూసింది. నేను మిషను చక్రం వంక చూశాను. "ఆ పేజీలు చదవలేదు మేష్టారూ," అంది మెల్లగా.

నిజం నేనే చెప్పాను. అంతకు ముందు ఏడాది ఒక సాయంత్రం అది పైకి చదువుతుంటే జపాను సైన్యాల మాట నా చెవిన పడింది. లేచి పుస్తకం లాక్కుని దొడ్లోకి విసిరేశాను. మా ఆవిడ తెచ్చి బియ్యం డబ్బాలో దాచింది. చైనా పాఠాలు మాత్రం నేను బజారుకు పోయినప్పుడు తీసి చదువుకునేది. మిగతా సగం తెరవడానికి ఆ పిల్లకు ధైర్యం చాలలేదు. నా మీద భయం కాదు. నాకేమవుతుందోనని భయం.

మేష్టారు అంతా విన్నారు. పొట్టి మాట, సూదిమొన లాంటి మాట అన్నారు.

"ఫెయిలయింది పిల్ల కాదు మస్తానూ, నువ్వు. నీ పేపరు పాపం ఈ పిల్ల రాసింది."

"ఆ పేరు నా ఇంట్లో వద్దు మేష్టారూ. మీ కాళ్లు పట్టుకుంటాను."

"ఇంట్లో ఎవరు చెప్తన్నారు? కొట్లో చెప్తా. ఇది కొట్టా, ఇల్లా?"

కొట్టంటే ఆయన చెప్పడానికి ఒప్పుకున్నట్టు, ఇల్లంటే కొట్టు మూసుకున్నట్టు. నేను సూదిలో దారం ఎక్కించుకోవడం మొదలుపెట్టాను. తెర వెనక మా ఆవిడ కిసుక్కున నవ్వింది.

మర్నాడు నాలుగింటికి వచ్చి ఆయన అడిగింది పుస్తకం కాదు, నా టేపు. కటింగు బల్ల మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా పరిచారు. అరవై అంగుళాలు. "ఒక్కో అంగుళం నలభై ఏళ్లనుకోండి. ఈ చివర ఇత్తడి రేకు కాడ ఇవాళ. అవతల రేకు కాడ రెండువేల నాలుగొందల ఏళ్ల కిందట. ఆ జాతి కథంతా దీని మీద చూపిస్తా. మస్తానూ, నువ్వు వినొద్దులే. నీ పని నువ్వు చేసుకో."

వినొద్దంటే వినకుండా ఉండటం ఎలా?

మొదటి రోజు టేపు మీదికే రాలేదు. బల్ల దాటి గుమ్మం వైపు చెయ్యి చూపించారు. "టేపు మొదలుకాక ముందు ఇట్టాంటివి ఇంకా నాలుగైదు టేపులు ఆ వీధిలోకి పరిస్తే, అంత పొడుగునా ఆ దీవుల్లో మనుషులున్నారు. చేపలు పట్టారు, అడవికాయలు ఏరుకున్నారు. పచ్చికుండల మీద తాడు అద్ది నగిషీ పెట్టారు."

"తాడుతోనా?" తెర వెనక నుంచి మా ఆవిడ.

"తాడుతోనే తల్లీ. తడి మట్టి మీద తాడు నొక్కితే అచ్చు పడదా? తర్వాత ఎప్పటికో సముద్రం అవతల నుంచి వరి వచ్చింది. మనకు సాగరు కాలవ వచ్చాక వరి రాలేదూ, అట్టా. వరితోపాటు ఊళ్లు, గట్లు, గట్ల తగాదాలు, పెద్దరైతులు, రాజులు."

నా కాలు మిషను మీద ఆగిపోయింది. "వాళ్లు నాట్లేస్తారా?" నా నోట్లో నుంచి ఎలా వచ్చిందో ఆ ప్రశ్న! నలభై మూడేళ్లుగా వాళ్లు నాకు ఆకాశంలోనే ఉన్నారు. వాళ్ల కాళ్లకు బురద ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

"మోకాలి లోతు బురదలో," అన్నారు మేష్టారు నా వంక చూడకుండా.

ఇరవై నాలుగో అంగుళం దగ్గర బుద్ధుడి మతం ఆ దీవులు చేరింది. మన మాచర్ల అవతల కృష్ణ ఒడ్డు కొండ మీద చదువు చెప్పాడని అనుకునే ఆచార్యుణ్ణి వాళ్లు ఇవాళ్టికీ గురువుగా తలుచుకుంటారట. ఇరవై తొమ్మిది దగ్గర ఒక పెద్ద కంచు విగ్రహం పోతపోస్తే, దానికి కన్ను దిద్దింది మన దేశం నుంచి పోయిన సన్యాసి. ముప్పై అయిదు దగ్గర రాజుగారి కొలువులో ఆడవాళ్లు పొడుగాటి కథలు రాశారు. "మొగాళ్లు చైనా భాషలో తంటాలు పడతంటే ఆడవాళ్లు ఇంట్లో మాట్లాడే మాటల్లో రాసేశారు," అన్నారు. అది విని మా అమ్మాయి మొహంలో రెండు నెలల తర్వాత వెలుగు చూశాను. ఆ వెలుగు కోసం ఇంకా పది టేపుల కథైనా వింటాననిపించింది.

నలభై దగ్గరికొచ్చేసరికి మాత్రం మిషను ఆపి కూర్చున్నాను. అక్కడ కత్తి పట్టినవాళ్లది పెత్తనమయింది. "గాభరా పడబోకు. ఇదే అంగుళంలో మన కారెంపూడిలో కోడిపందెంతో మొదలుపెట్టి అన్నదమ్ములు నరుక్కున్నారు. మనమేం తక్కువ తిన్నామా?" అన్నారు. నలభై రెండు దాటాక మంగోలులు ఓడలేసుకుని రెండు సార్లు వస్తే, రెండు సార్లూ గాలివాన వాళ్ల ఓడల్ని విరగ్గొట్టింది. నలభై ఏడు నుంచి యాభై దాకా వాళ్లలో వాళ్లే కొట్టుకుని, చివరికి ఒకడి కింద కుదుటపడ్డారు. యాభై ఒకటి దాటాక తలుపులు మూసుకున్నారు.

"తలుపులంటే?"

"దేశానికే తలుపులు. ఎవరూ రాకూడదు, ఎవరూ పోకూడదు. ఒక్క రేవు మాత్రం కిటికీలాగా ఓరగా తెరిచి పెట్టుకున్నారు. అట్టా అయిదంగుళాలకు పైగా."

"భయమా, మేష్టారూ?"

"ఎక్కువ భాగం భయమే. పరదేశం వాడు వచ్చి మతం మారుస్తాడో, రాజ్యమే లాక్కుంటాడోనని. నువ్వు నలభై మూడేళ్లే గదా మూసుకుంది. వాళ్లు రెండొందల ఏళ్లు. వాళ్ల ముందు నువ్వెంత?"

నవ్వాను. జపాను మాట మీద నేను నవ్వాను! మా ఆవిడ తెర పక్కకు తీసి మరీ చూసింది.

యాభై ఆరున్నర దాటాక అమెరికా వాళ్లు ఫిరంగుల ఓడలు తెచ్చి ఆ తలుపు కొట్టారు. పొగ కక్కే నల్ల ఓడలు. తెరవక తప్పలేదు. అక్కడి నుంచి వాళ్లు చకచకా మారిపోయారు. అందరికీ బడులు పెట్టారు, మిల్లులు పెట్టారు, రైళ్లేశారు, తుపాకులు పోశారు. యాభై ఎనిమిదిలో రష్యాను ఓడించారు. కొరియాను మింగారు. చైనాలో చెయ్యకూడని ఘోరాలు చేశారు. మేష్టారు ఒక్కటి కూడా దాచలేదు. అమ్మాయితో, "చంపింది చంపినట్టే రాయాలి. చరిత్రలో ఎవరికీ మినహాయింపు ఇవ్వబోకు," అన్నారు. తర్వాత మెల్లగా నాకు వినపడేటట్టు అన్నారు. "భయపడ్డవాళ్లు భయపెట్టడం నేర్చుకున్నారు. అంతకంటే చెడ్డ చదువు లేదు."

ఇక మిగిలింది యాభై తొమ్మిదో గీత. మూడు రోజులు ఏవో వంకలు చెప్పాను. మిషను బెల్టు తెగిందన్నాను. తలనొప్పన్నాను. మూడో రోజు టేపే కనపడటం లేదన్నాను. అది నా మెడలోనే ఉంది. మేష్టారు చూసి కూడా, "సరే, దొరికినప్పుడే చెప్దాంలే," అని గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

నాలుగో రోజు నేనే టేపు పరిచాను. చేతికి పని ఉంటే ధైర్యంగా ఉంటుందని ఆయనదే తెల్ల చొక్కా గుడ్డ తీసి కత్తిరించడం మొదలుపెట్టాను. ఆయన సుద్దముక్కతో యాభై తొమ్మిదికి కొద్దిగా ముందు సన్నటి గీత పెట్టారు.

"ఇదిగో ఈ సందు చూడు. ఎనిమిదో వంతు కూడా నిండదు. రంగం మీద బాంబులు ఈ సందులోనే. నువ్వు ఇందులోనే కాపురముంటన్నావు." నేను తలెత్తలేదు. ఆయన అమ్మాయి వైపు తిరిగి చెప్పుకుపోయారు. "యాభై తొమ్మిదో గీత మీద యుద్ధం అయిపోయింది. ఎట్టా అయిందంటే, వాళ్ల రెండు ఊళ్ల మీద అణుబాంబులు వేశారు. మొదటి ఊళ్లో పొద్దున ఎనిమిది దాటింది. జనం పనులకు పోతన్నారు. అంతకు ముందు మోగిన సైరను ఆగిపోయింది. ఒకటో రెండో విమానాలే గదా, ఏం చేస్తాయిలే అనుకున్నారు. కొందరు తలెత్తి చూశారు..."

నా చేతిలో కత్తెర జారి గుడ్డలోకి దూసుకుపోయింది.

"తలెత్తి చూశారా?" అన్నాను.

"చూశారు."

"పిల్లలు కూడానా?"

"పిల్లలు కూడా, మస్తానూ."

బల్ల పట్టుకుని కింద కూర్చున్నాను. ఆయన మళ్లీ నా పక్కన వచ్చి కూర్చున్నారు. అప్పుడు చెప్పాను. నలభై మూడేళ్ల తర్వాత, మా ఆవిడా, అమ్మాయీ వింటుండగా.

నాకొక అన్న ఉండేవాడు. నాకంటే అయిదేళ్లు పెద్ద. టైలరు పని నేర్పిస్తానని నన్ను రంగం తీసుకుపోయింది వాడే. డిసెంబరు నెల, పొద్దున పూట. మోత వినపడితే కొట్లో ఉన్నవాళ్లమంతా వీధిలోకి వచ్చాం. ఎవరికీ భయం లేదు. అప్పటిదాకా విమానాలు చూసిందెవరు! ఎండలో వెండి ముక్కల్లా మెరుస్తూ బారులుగా వస్తున్నాయి. మనవాళ్లవేనని ఒకడు, కాదని ఒకడు పందేలు కాస్తున్నారు. అన్న మెడలో టేపు అలాగే ఉంది. నా భుజం మీద చెయ్యి వేసి, రెండో చేతి వేలు పైకెత్తి లెక్కపెడుతున్నాడు. పదిహేను, పదహారు, పదిహేడు. పద్దెనిమిది అనడం నేను వినలేదు. నాకు తెలివి వచ్చేటప్పటికి వీధి లేదు, అన్న లేడు. ఎవరో నన్ను లాక్కుపోయారు. కొండలూ అడవులూ నడిచి నడిచి ఇల్లు చేరాను. అన్న జబ్బు చేసి పోయాడని మా అమ్మకు అబద్ధం చెప్పాను. తర్వాత ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మా అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నాకు పెదనాన్న ఉండేవాడా నాన్నా?" అంది. అది ఒక్కటే అడిగింది. "అయితే లెక్కపెట్టొద్దనేది మన దీన్‌లో మాట కాదా?" అని మా ఆవిడ అడిగింది. ఏడుస్తూనే అందరం నవ్వాం.

మేష్టారు నన్ను ఓదార్చలేదు. టేపు చివరి అంగుళం మీద వేలు పెట్టి చూపించారు. "యాభై తొమ్మిది నుంచి అరవై దాకా, ఇదంతా శాంతే. ఈ అంగుళంలో వాళ్లు ఎవరి మీదకీ యుద్ధానికి పోలేదు. కాలిపోయిన ఊళ్లు కట్టుకున్నారు, రైళ్లు కట్టుకున్నారు. బతుకుతెరువుకు సామాన్లు చేసి అమ్ముకుంటన్నారు. నీ కొట్లో పన్నెండేళ్ల బట్టి పాటలు పాడతంది చూడు, అది ఎక్కడిదనుకున్నావు?" అని నా రేడియో తీసి తిరగేశారు. అడుగున ఇంగ్లీషు అక్షరాలు. కువైటు నుంచి మా బావమరిది తెచ్చిన రేడియో. నాకు ఇంగ్లీషు రాదు. మా అమ్మాయీ, ఆవిడా తలలు వంచుకున్నారు. ఇద్దరికీ ముందే తెలుసు!

"ఏ జాతినీ ఒక్క అంగుళం కొలిచి చొక్కా కుట్టబోకు మస్తానూ. పట్టదు. ఇంకో మాట. నువ్వు ఆకాశం వంక చూసి పద్దెనిమిది అన్న రోజున నాకు చెప్పు. టీ నేను పోయిస్తా."

ఆయన చొక్కా పాడయింది. ఎడమ చెయ్యి అంగుళం పొట్టిగా తెగింది. వేరే గుడ్డ తెచ్చి కుట్టి ఇస్తానన్నా వినలేదు. అలాగే కుట్టించుకున్నారు, అలాగే తొడుక్కున్నారు. ఎవరైనా "ఏంది మేష్టారూ, మస్తాను చెయ్యి తప్పిందే!" అంటే, "లేదయ్యా, ఇది నా జపాను చొక్కా," అనేవారు. వాళ్లకు అర్థమయ్యేది కాదు. నాకు అర్థమయ్యేది. నా తప్పును ఊరందరి ముందూ ఒంటిమీద వేసుకుని తిరిగి, నాకు తలెత్తుకోవడం నేర్పించారు.

మా అమ్మాయి మళ్లీ పరీక్ష రాసిన రోజు కాలేజీ గేటు ముందు మేష్టారూ నేనూ నిలబడ్డాం. మూడు గంటలూ నాకు రంగం వీధిలో ఉన్నట్టే ఉంది. ఎప్పుడు ఏం పడుతుందోనని. అమ్మాయి బయటికొచ్చి, "జపానే ముందు రాశా నాన్నా! తలుపులు మూసుకున్న కాలం అడిగాడు," అంది. మేష్టారు గొడుగు తెరిచి, ఎండ లేకపోయినా, ఆ పిల్ల నెత్తిన పట్టుకుని ఇంటిదాకా నడిపించుకొచ్చారు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఫలితాల కోసం పేపరుకు కాపలా కాశారు.

వచ్చిన రోజు ఆయన చూడలేదు. నేను వెళ్లేసరికి చుట్ట చుట్టిన పేపరు మెట్టు మీద పడి ఉంది, దారం కూడా విప్పలేదు. మేష్టారిని లోపల చాప మీద పడుకోబెట్టారు. ఒంటిమీద అదే చొక్కా. నేను జనాన్ని దాటుకుని పోయి, ఆయన చెవి దగ్గర వంగి, "పాసయింది మేష్టారూ. మనం పాసయ్యాం," అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. అందరూ నా వంక చూశారు. చావింట్లో ఈ ముసలాడి మొహం అలా వెలిగిపోతోందేమిటని అనుకుని ఉంటారు. అనుకోనీ. ఆ సంతోషం ఆయన సొమ్ము, ఆయనకు అప్పజెప్పక ఎక్కడ దాచుకోను? ఆయన భార్య, అమ్మగారు, మాత్రం కళ్లు తుడుచుకుని, "మళ్లీ చెప్పు మస్తానూ, ఆ చెవి సరిగా వినపడదు," అన్నారు. రెండో చెవిలో కూడా చెప్పాను. లేస్తూ అలవాటు కొద్దీ ఆయన ఎడమ చేతి గుడ్డ మణికట్టు దాకా లాగాను. అందలేదు.

శ్మశానం నుంచి వచ్చి, నీళ్లు పోసుకుని, పొద్దు వాలుతుండగా మిద్దెక్కి కూర్చున్నాను. మా అమ్మాయి టీ తెచ్చి పక్కన పెట్టింది. నకరికల్లు వైపు కాలవ పొలాల మీద నుంచి కొంగలు వస్తున్నాయి. తెల్లగా, బారుగా, వాలు ఎండలో మెరుస్తూ.

మిద్దె దిగిపోదామనుకున్నాను. లేవకుండా తల పైకెత్తాను. వేలు కూడా ఎత్తాను.

"ఒకటి," అన్నాను.

"నాన్నా," అంది మా అమ్మాయి. నా మోచెయ్యి పట్టుకుంది గాని ఆపలేదు.

రెండు, మూడు, నాలుగు. అవి మా నెత్తిమీదికి వచ్చాయి. పది. పదకొండు. నా గొంతు నాకే వేరే ఎవరిదో గొంతులా వినపడుతోంది. పదిహేను. పదహారు. పదిహేడు.

ఆగిపోయాను. మా అమ్మాయి తర్వాతి అంకె అందివ్వలేదు. నా మోచేతి మీద దాని వేళ్లు బిగిశాయి, అంతే. టీ చల్లారిపోతోంది. కొంగలు దాటిపోతున్నాయి.

"పద్దెనిమిది," అన్నాను.

ఏమీ పడలేదు. ఆ బారుకు బాగా వెనక ఇంకొకటి, ఒక్కటే, తొందర తొందరగా రెక్కలాడించుకుంటూ వస్తోంది.